గొర్రెలకేసిన కేక

గొర్రెలను దొడ్లో తోలి రమ్మని భార్య గురమ్మ చిలక్కి చెప్పినట్టు చెప్పింది. గోవిందయ్య వింటేనా? ఒక పూట మేత పోతుందని, తెల్లారకముందే మందనంతా తోలుకుని రాచర్ల నుంచి గిద్దలూరు ఫుట్‌బాల్ ఆటకు వచ్చాడు. మంద అంటే ఎంతని, రెండేళ్ల కరువుకు మిగిలింది ఇరవై గొర్రెలు. యాభై ఎనిమిదో సంవత్సరం మాట అది.

వచ్చింది వేడుక చూడటానికి కాదు. కొడుకు పెద్దన్న ఈ రోజు బాగా ఆడితే రైల్వేలో ఖలాసీ ఉద్యోగం ఇస్తారట. చూసి ఎంచుకోవడానికి గుంతకల్లు నుంచి ఆఫీసరు వచ్చాడు. ఉద్యోగం రాకపోతే మార్కాపురం పలకల గనికి పోవాల్సిందే. బావమరిది మాల్యాద్రి ఆ గని దుమ్ముకే దగ్గి దగ్గి పోయాడు. కొడుకును అక్కడికి పంపడం తలుచుకుంటేనే గోవిందయ్యకు ముద్ద దిగదు.

పెద్దన్నను ఆటలో పెట్టింది మెక్రే దొర. మిషన్ వాళ్ల వడ్రంగి బడిలో పని నేర్పే మనిషి. పడుచు వయసులో తన స్కాట్లండులో జీతానికి ఫుట్‌బాల్ ఆడినవాడు. మైదానం నడిమధ్య, హాఫ్‌ బ్యాకుగా. ఒకనాడు పెద్దన్న గొర్రెల వెంట పరుగెత్తకుండా, అవి ఎటు తిరగబోతాయో అక్కడ ముందే పోయి నిలబడటం చూశాడు. "ఇతడు నా స్థలమందు ఆడవలెను" అన్నాడు. దొర తెలుగు నేర్చింది బైబిలు చదివి. ఉప్పు అడిగినా ప్రవక్త పలికినట్టే ఉంటుంది.

మార్కాపురం జట్టుతో ఆట మొదలైన కాసేపటికే గోవిందయ్యకు ఒళ్లు మండింది. కాలి దగ్గరికొచ్చిన బంతిని వచ్చింది వచ్చినట్టే పక్కవాడికి ఇచ్చేస్తాడేం వీడు!

"ఏందిరా, దానధర్మాలు చేస్తాండావు! నువ్వూ ఒకటి కొట్టు!" అని అరిచాడు. పెద్దన్న వినిపించుకోలేదు.

ఇంకో ఐదు నిమిషాల్లో అయిపోతుందనగా మాయదారి గొర్రెలు పక్కనున్న వేరుశనగ చేనుకేసి మళ్లాయి. "హోయ్... నిలూ!" అని గోవిందయ్య గుండెల నిండా కేకేశాడు.

గొర్రెలు ఆగాయి. మైదానంలో పెద్దన్న కూడా ఆగాడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి విన్న కేక, కాళ్లు వాటంతటవే నిలిచిపోయాయి. బంతి అతని పక్క నుంచే దొర్లిపోయింది. మార్కాపురం వాళ్లు దాన్ని అందుకుని గోలు కొట్టారు. గిద్దలూరు ఆ ఒక్క గోలుతో ఓడిపోయింది.

గోవిందయ్య ఉన్నచోటే కూలబడ్డాడు. జనం తిట్టే తిట్లు చెవికెక్కలేదు. "నా నోరు పడిపోను, నా కొడుకు కూడు నేనే చెడగొట్టినా" అంటూ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

పెద్దన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఊరుకో నాయనా. ఆగింది నేను గదా" అన్నాడు. ఆ మాటకు గోవిందయ్యకు దుఃఖం ఇంకా పొంగింది.

అంతలో దొర కుంటుకుంటూ వచ్చాడు. మొహం నిండా నవ్వు.

"భయపడకుము గోవిందయ్యా. నీ కుమారుని పేరు ఆఫీసరు సగము ఆటకే వ్రాసికొనెను."

"గోలు ఒక్కటీ కొట్టకపాయె గదా దొరా! వచ్చిన బంతినంతా పంచిపెట్టినాడు!"

"నేను పదకొండు సంవత్సరములు ఆడితిని. కొట్టినవి నాలుగు గోలులు. అందులో ఒకటి మా గోలులోనికే కొట్టితిని." దొర పాడైన మోకాలు తడుముకుంటూ నవ్వాడు. "అయినను ప్రతి శనివారము జట్టు కాగితములో నా పేరుండెను. పంచువాడు లేనియెడల తక్కినవారికి బంతి ఎక్కడిది?"

గోవిందయ్యకు అందులో సగమే ఎక్కింది. "అయితే పలకల గనికి పోవాల్సిన పన్లేదా?"

"లేదు. సోమవారము నుండి ఇచ్చటనే, గిద్దలూరు స్టేషనులో పని."

గోవిందయ్యకు గుండెల మీది బరువు దిగిపోయింది. కొడుకు మొహం రెండు చేతులతో పట్టుకున్నాడు. "నీకు దగ్గు రాదురా" అన్నాడు.

ఆ సందులో గొర్రెలు దర్జాగా వేరుశనగ చేలో దిగాయి. గోవిందయ్య లేచి గట్టిగా ఊపిరి పీల్చి నోరు తెరిచాడు. కొడుకు వంక చూశాడు. నోరు మూసుకుని, పంచె ఎగదోపి, చేను కేసి పరుగెత్తాడు.