మేనత్తల మర్యాద

బయల్దేరి రెండు గంటలైంది. పికప్ బండిలో పక్కన కూర్చున్న అక్కచెల్లెళ్లిద్దరిలో ఒక్కరు కూడా కొత్త కోడల్ని ఇంతవరకు ఒక్క తిట్టు తిట్టలేదు. ఎమరీకి అదే గుబులుగా ఉంది.

ఎమరీ అక్క వెర్లీన్ కిటికీ పక్కన కూర్చుంది. చెల్లెలు డెల్ఫీన్ మధ్యలో ఇరుక్కుంది. ఈ ఏడు వానలు ముందే పడ్డాయని, లేత పొత్తులు తీపెక్కాయని, ఎవరి కప్పు కారుతోందో, ఎవరి కుక్క ఎవరిని కరిచిందో అన్నీ మాట్లాడుకున్నారు. ఎమరీ కొడుకు కెండ్రిక్ పెళ్లాం ఊసు మాత్రం లేదు.

అమెరికాలో హోపీ తెగ వాళ్ల ఊళ్లలో మేనల్లుడంటే మేనత్తలకి మొగుడి కిందే లెక్క. పుట్టిన ఇరవయ్యో రోజున వాడి తల కడిగి పేరు పెట్టేది వాళ్లే. నడక రాగానే "నా మొగుడొచ్చాడే" అని చంకనెత్తుకునేదీ వాళ్లే. అలాంటి మొగుణ్ణి ఎవతో వచ్చి ఎగరేసుకుపోతే ఊరుకుంటారా? పెళ్లి ఖాయమైందని తెలియగానే బకెట్లతో బురద కలుపుకుని పెళ్లికొడుకు ఇంటి మీద పడతారు. గోడకి పూస్తారు, గుమ్మానికి పూస్తారు, పిల్లాడి తల్లికి పూస్తారు. అడ్డొస్తే సొంత తమ్ముడికీ పూస్తారు. పిల్లకి వంట రాదంటారు, కాళ్లు వంకరంటారు, పొద్దెక్కేదాకా గురక పెడుతుందంటారు. ఎంత బురద పడితే అంత ప్రేమ. ఎమరీ పెళ్లికి అతని మేనత్తలు వీధి తలుపు కూడా ఊడబెరికారు. ఆ సంగతి చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతారు.

కెండ్రిక్ పెళ్లి ఇలా జరగలేదు. వాళ్లమ్మ పోయి మూడేళ్లయింది. వాడు కొండల్లో పూర్వీకులు కట్టిన పాత ఇళ్ల గోడలు బాగుచేసే పనిలో చేరి, అక్కడి పిల్లనే చూసుకుని, మొన్న వేసవి మొదట్లో ఆఫీసులో సంతకాలు పెట్టి కబురు పంపాడు. సరే, సంతకాలైతే అయ్యాయి. బురద పడితే గాని పిల్ల ఇంటిది కాదు. అందుకే ఎమరీ తోడబుట్టినవాళ్లను బండెక్కించాడు.

ఎమరీ రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. అందులోంచి రెండు తీసి అడిగాడు.

"పిల్ల ఎలాంటిదంటావు?"

"మంచి పిల్లే అయ్యుంటుందిరా," అంది వెర్లీన్.

బండి కాస్త పక్కకి లాగింది. ఎమరీ మళ్లీ రోడ్డు మీదకి తెచ్చాడు.

కెండ్రిక్ కాపురం పెట్టిన రెడ్ ఫోర్క్‌లో ఉన్నది ఒకటే వీధి. ఒక చివర గుర్రపు దాణా కొట్టు, ఇంకో చివర వాగు, మధ్యలో కొత్త కోడలు తెస్సా వాళ్ల రొట్టెల కొట్టు. తెస్సా మోచేతుల దాకా పిండితో ఎదురొచ్చింది. పుష్టిగా ఉంది, పసుపు రంగు జడ, నవ్వితే చిగుళ్లు కనిపిస్తాయి. తిట్టడానికి ఇంత సరుకున్న పిల్లని ఎమరీ ఈ మధ్య చూడలేదు. అతని మనసు కుదుటపడింది.

వెర్లీన్ ఆ పిల్ల చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది.

"సుఖంగా ఉన్నావా అమ్మా? నీకు శ్రమ ఇస్తున్నాం."

డెల్ఫీన్ సంచిలోంచి ఒక డబ్బా తీసి ఇచ్చింది. నీలం మొక్కజొన్న పిండితో పల్చగా రేకులు తీసి చుట్టిన పికి రొట్టెలు. వాటికి రంగు కాగితం చుట్టి, రిబ్బను కూడా కట్టారు. ఊళ్లో డాక్టరుగారికి ఇలాగే ఇస్తారు. ఎమరీ ఆ రిబ్బను వంక చూసి కుర్చీలో కూలబడ్డాడు.

తెస్సా పీచ్ పళ్లు కూరి కాల్చిన 'పై' అనే తీపి రొట్టె కోసి పెట్టింది. వెర్లీన్ నోట్లో పెట్టుకుని, కాగితంతో పెదవులు తుడుచుకుని అంది, "చాలా బాగుందమ్మా."

ఎమరీ నమలడం ఆపేశాడు. వెర్లీన్ నోట "బాగుంది" అన్న మాట అతను యాభై ఏళ్లలో వినలేదు. తన పెళ్లాం మొదటిసారి వండిన పులుసు చూసి, దీంతో కుక్కకి నీళ్లు పొయ్యొచ్చని ఆవిడ మొహానే అన్న మనిషి. ఆ తర్వాత ఆ ఇద్దరూ ప్రాణానికి ప్రాణంగా ఉన్నారు.

గిన్నెలు కడుగుతూ తెస్సా అతనితో గుసగుసగా అంది, "మామయ్యా, ఎంత మంచివాళ్లండీ! కెండ్రిక్ నన్ను ఊరికే హడలగొట్టాడు."

ఎమరీ పళ్లెం తుడిచి పక్కన పెట్టి, కొడుకుని వెతుక్కుంటూ పెరట్లోకి వెళ్లాడు. కెండ్రిక్ మెట్టు మీద కూర్చుని బూట్లకి అంటిన మట్టి గీకుతున్నాడు.

"బాగానే నడుస్తోంది కదా నాన్నా?"

"ఏం చేశావు?"

"ఏం చేశాను? పోయిన వారం వెర్లీన్ అత్తకి ఫోన్ చేశానంతే. తెస్సాకి మన పద్ధతులు అలవాటు లేవు, బురదా గిరదా వద్దత్తా, బెదిరిపోతుంది అన్నాను. సరే బాబూ అంది."

"ఏమంది?"

"సరే బాబూ అంది."

"ఒరే గాడిదా అనలేదూ?"

"లేదే."

ఎమరీ "చెడగొట్టావు," అని లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే అందరూ పాత ఇళ్లకి వెళ్లారు. పైనుంచి చూస్తే లోయ తప్ప ఏమీ లేదు. బాట మలుపు తిరిగాక, ఎదురుగా కొండ కడుపులో గదుల మీద గదులు, గుండ్రటి గోడలు, చిన్న కిటికీలు. డెల్ఫీన్ నిచ్చెన ముందు ఆగింది.

"ఈ నిచ్చెన నన్ను మోస్తుందంట్రా కెండ్రికూ?"

"ఎద్దునైనా మోస్తుందత్తా."

ఇంకోనాడైతే ఆ మాటకి వాడి చెవి పుండయ్యేది. డెల్ఫీన్ నోరు తెరిచి, అక్క వైపు చూసి, మూసుకుని ఎక్కింది.

గోడల దగ్గర వెర్లీన్ ముందు నిలబడి చిటికెడు మొక్కజొన్న పిండి గాలిలో వదిలింది. లోపల ఎప్పుడో పోయిన పెద్దవాళ్లుంటారు. చెప్పకుండా వెళ్లకూడదు. హోపీ మాటల్లో గట్టిగా పిలిచింది.

"మేమొచ్చాం. పడుకునుంటే లేవండి. ఇది మా డెల్ఫీన్, ఆయాసపడుతోంది, కూర్చోబెట్టండి. వీడు మా ఎమరీ, నోరు లేదు. వీడు మా కెండ్రిక్, మీ గోడలు కడుతున్నాడు, పని బాగోకపోతే నాకు చెప్పండి. ఈ అమ్మాయి మాతో వచ్చింది."

తెస్సా ఎమరీ చొక్కా లాగింది. "నా గురించి ఏమన్నారు మామయ్యా?"

"వచ్చావని చెప్పింది."

తెస్సా మురిసిపోయింది. ఎమరీ తల వంచుకుని లోపలికి నడిచాడు. అందరూ 'మా', ఒక్క తెస్సా మాత్రం 'మాతో వచ్చింది'. పెద్దవాళ్ల ముందు ఒకసారి అలా చెప్పాక తిరగరాయడం తేలిక కాదు.

లోపల చూడ్డానికొచ్చిన ఇంకో గుంపు ఉంది. టోపీ పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన, ఇళ్లు తిప్పి చూపించేవాణ్ణి అడుగుతున్నాడు, "ఇన్ని ఇళ్లు కట్టినవాళ్లు ఉన్నట్టుండి ఎక్కడికి మాయమైపోయారంటారు?"

"సరుకులకెళ్లాం బాబూ," అంది డెల్ఫీన్ బండ మీంచి. "కొట్టు దగ్గర లైను పెద్దగా ఉంది."

అందరూ నవ్వారు. టోపీ ఆయన కాస్త ఆలస్యంగా నవ్వాడు.

వెర్లీన్ చేతులు వెనక్కి కట్టుకుని ఒక గోడ దగ్గర వంగింది. రాళ్ల మధ్య మెత్తిన మట్టిలో వేళ్ల గుర్తులు నిన్న పెట్టినట్టున్నాయి.

"ఆడమనిషి చెయ్యి. బొటనవేలు ఎలా ఈడ్చిందో చూడు. పొయ్యి మీద ఏదో పెట్టి వచ్చుంటుంది, తొందరలో ఉంది." పక్కనున్న కొత్త మెత్తు చూసింది. "ఇది నువ్వు పెట్టిందా?"

"నేనేనత్తా," అన్నాడు కెండ్రిక్. చెవులు రిక్కించుకుని నిలబడ్డాడు. చిన్నప్పుడు ఊళ్లో గోడ మెత్తడం నేర్పింది ఆవిడే. నేర్పినంతసేపూ చెంబు విసిరేది.

"బాగుంది బాబూ."

వాడి మొహం పాలిపోయింది. "నీళ్లెక్కువయ్యాయా? గడ్డి తక్కువైందా? నిజం చెప్పత్తా."

"చెప్పాను కదా. చాలా బాగుంది."

కెండ్రిక్ తండ్రి దగ్గరికొచ్చాడు. "నాన్నా, నన్ను కూడా బాబూ అంటోంది."

"నువ్వడిగిందే."

మధ్యాహ్నానికి ఊళ్లోకి దిగారు. వాగు పక్కన పనివాళ్ల షెడ్డు ఉంది. ఆదివారం కాబట్టి ఎవరూ లేరు. సోమవారం పనికి కెండ్రిక్ కలిపి నానబెట్టిన అడుసు పెద్ద తొట్టి నిండా ఉంది. పాత ఇళ్ల దగ్గర మట్టి తాకకూడదు గనక, తెస్సా వాళ్ల బాబాయి పొలంలోంచి తెచ్చిన ఎర్రమట్టి. తెస్సా, కెండ్రిక్ షెడ్డు తలుపు తీస్తున్నారు. డెల్ఫీన్ బకెట్ బోర్లించి కూర్చుంది.

వెర్లీన్ తొట్టి మీదికి వంగి వాసన చూసింది. వేళ్లు ముంచి, పిసికి, జారవిడిచింది. మళ్లీ ముంచింది. ఎమరీ చూస్తున్నాడని గమనించి చేతిరుమాలు తీసి ఒక్కో వేలూ తుడుచుకుంది.

"ఏంట్రా ఆ చూపు? వాడే వద్దన్నాడు. పిలవని చోటికెళ్లి బురద చల్లడానికి నాకేమైనా పిచ్చా? వాడికి మేం పరాయివాళ్లమైతే, పరాయివాళ్లలాగే ఉంటాం." ముక్కు చీదుకుంది. రుమాలుకున్న ఎర్రమట్టి ముక్కుకి అంటింది.

కొడుకుని పిలిచి క్షమాపణ చెప్పిద్దామా అనుకున్నాడు ఎమరీ. లాభం లేదు. క్షమాపణ చెబితే ఆవిడ "ఫరవాలేదు బాబూ" అంటుంది. మర్యాదకి మర్యాద మందు కాదు. అతను గొంతు సవరించుకున్నాడు.

"తెస్సా, నిన్నటి నుంచీ చెబుదామనుకుంటున్నాను. నీ రొట్టె ముందు మా అక్క చేసే పికి అట్టముక్క."

డెల్ఫీన్ బకెట్ మీద నిటారుగా కూర్చుంది. వెర్లీన్ కదల్లేదు.

"నడుమూ సన్నమే," అన్నాడు ఎమరీ, అటుచూసి ఇటుచూసి. "కెండ్రిక్ తెలివైనవాడు. ముసలి పెళ్లాలిద్దర్నీ వదిలించుకుని..."

మాట పూర్తి కాలేదు. మొదటి ముద్ద అతని చెవి మీద పడింది, రెండోది నోట్లో.

"దీని నడుము సన్నమా! పిండి బస్తాకి తాడు కట్టినట్టుంది!" వెర్లీన్ రెండు చేతులూ మోచేతుల దాకా తొట్టిలో దించింది. "దొంగమొహమా! పంచదార ఎర వేసి మా మొగుణ్ణి ఎత్తుకుపోతావా!"

ముద్ద వెళ్లి తెస్సా గుండెల మీద చప్పుడుతో అతుక్కుంది. వెనకాలే డెల్ఫీన్ చెంబెడు తీసుకుని పరిగెత్తింది. ఆయాసం ఏమైందో ఏమో. "వాడు నా మొగుడు! బొడ్డూడని రోజు నుంచీ నా మొగుడు! నీ వంకర జడ చూసి పడిపోయాడా! పొద్దుటి పూట నీ మొహం చూస్తే మేకలు పాలివ్వవు!"

తెస్సా చేతులు దూరంగా పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. జడలోంచి ఎర్రమట్టి కారుతోంది. కళ్లు పెద్దవయ్యాయి. ఆ కళ్లలో నీళ్లొస్తే అంతా అయిపోయినట్టే, అనుకున్నాడు ఎమరీ. నోట్లో మట్టి ఉమ్మడం కూడా మరిచిపోయాడు.

తెస్సా మొగుడి వైపు చూసింది. కెండ్రిక్ నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియడం లేదు.

"కొట్టు తెస్సా! మా ఇంటి తరఫున కొట్టాల్సింది అమ్మ. అమ్మ లేదుగా, నువ్వే! కొట్టు!"

తెస్సా ఒక్క క్షణం ఆలోచించింది. రోజూ పొద్దున్నే మణుగు పిండి పిసికే చేతులవి. ఒక్క ఊపులో డెల్ఫీన్ చేతిలోని చెంబు లాక్కుని ఆవిడ మెడ వెనక బోర్లించింది. వెర్లీన్ వైపు తిరిగింది.

"మీ మొగుడా? ఇరవై ఆరేళ్లు దగ్గరుంచుకుని ఏం నేర్పారు మీ మొగుడికి? తడి తువ్వాలు మంచం మీద పడేస్తాడు! గుండీ ఊడితే చొక్కా పారేస్తాడు! తీసుకుపోండి, ఎవడికి కావాలి!"

వెర్లీన్ చెయ్యి పైకెత్తినది ఎత్తినట్టే ఆగిపోయింది. మొహమంతా వెలిగింది.

"నోరుంది దీనికి! ఒరే ఎమరీ, దీనికి నోరుందిరా!" అని, సంతోషం పట్టలేక ఆ ముద్ద తెస్సా నెత్తిన మెత్తింది.

ఆ తర్వాత ఎవరు ఎవరిని కొట్టారో లెక్క లేదు. తొట్టి సగమైంది. కెండ్రిక్ షెడ్డు కప్పెక్కబోతే ముగ్గురాడవాళ్లూ కలిసి కాళ్లు పట్టుకుని ఈడ్చారు. గోడ కట్టడం రాదని, అడుసు జావలా కలిపాడని, వేసింది గోడ కాదు వాంతి అని వెర్లీన్ వాడి మొహానే చెప్పింది. వాడు పళ్లన్నీ బయటపెట్టి విన్నాడు.

అందరికీ ఊపిరాడక ఆగాక, డెల్ఫీన్ తన సంచి విప్పి అడుగు నుంచి ఒక గుడ్డ మూట తీసింది. అందులో కుంకుడులా నురగొచ్చే వేరు, బాగా దంచి ఉంది. పెళ్లికూతురికి తలంటేది దాంతోనే.

ఎమరీ మూట వంక చూశాడు. "బురద లేదన్నాక అదెందుకు తెచ్చినట్టు?"

"ఊరికే తెచ్చాం," అంది వెర్లీన్. "నువ్వు మూసుకో."

షెడ్డు పక్కన రబ్బరు పైపు కొళాయి తిప్పి, తెస్సాని బోర్లించిన బకెట్ మీద కూర్చోబెట్టింది.

"తల వంచు. వంచమంటే నిక్కుతావేం, గాడిద మెడా? ఇది మీ అత్తగారు చేయాల్సిన పని. ఆవిడ లేదు కాబట్టి చేస్తున్నాను, నాకేం సరదా కాదు."

నురగ మీద నురగ వచ్చింది. ఎర్రనీళ్లు వాగు వైపు పారాయి.

"చలికాలం మా ఇంటికి రావాలి. పెళ్లికూతురన్నాక మొక్కజొన్న విసరాలి. నాలుగు రోజులు. నీ నడుము విరుగుతుంది, ముందే చెబుతున్నా."

"మూడు రోజులే అత్తా. కొట్టు అంతకంటే మూయలేను."

"నాలుగు."

"మూడున్నర."

"మూడున్నర రోజుల పెళ్లికూతురు ఎక్కడైనా ఉందా? ఏమే డెల్ఫీన్, విన్నావా?"

"విన్నాను. సిగ్గు లేదు."

"పోనీ ఆ తగ్గిన పూటకి బదులు మీకు పై చేసి పెడతాను."

"ఆ పై ఎవడికి కావాలి? అంతా పంచదారే. నిన్నటి నుంచీ నా పళ్లు జివ్వుమంటున్నాయి."

తెస్సా నురగ మధ్య నుంచి తలెత్తింది. "నిన్న చాలా బాగుందన్నారుగా!"

"నిన్న నేను చుట్టాన్ని," అంది వెర్లీన్. "కళ్లు మూసుకో, నురగ లోపలికి పోతుంది."