రుద్దకూడని కాలు

నా ఎడమకాలు వాచినప్పుడు శాలిబండలో మా గల్లీవాళ్లంతా డాక్టర్లయిపోయారు. మిషను తొక్కీ తొక్కీ అలా అయిందని తేల్చేశారు. నేనూ అదే నమ్మాను. లంగాలు కుట్టుకుని బతికే ఒంటరిదాన్ని, ఇంకేం నమ్మాలి?

పక్కింటి రుక్మాబాయి రోజూ సాయంత్రం వేడి నువ్వులనూనె గిన్నెతో వచ్చి ఆ కాలు రుద్దేది. బాలింతలకూ పసిపిల్లలకూ నూనె రాసి ఒళ్లు రుద్దడం ఆమె పని. ఆమెకో పట్టింపు ఉంది. చేతిలో పని లేకుండా ఎవరింట్లోనూ కూర్చోదు. మా ఆయన పోయాక నన్ను ముట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే. అందుకే వాపు తగ్గకపోయినా నాకు పెద్ద బాధ లేకపోయింది. ఇక మిషను తొక్కలేనని తెలిశాకే ఆసుపత్రికి పోయాను.

అక్కడ కుర్రడాక్టరు కాలు చూశాడు, పొట్ట నొక్కాడు, తెల్లటి మందు తాగించి ఎక్స్‌రేలు తీయించాడు.

"కడుపుల క్యాన్సర్ ఉన్నదమ్మా. దాంతోని రక్తం ఊకె గడ్డకడుతున్నది. కాలి నరంల గట్లనే కట్టింది. ఎవరన్న రుద్దుతున్నరా?"

"పక్కింటామె రోజూ రుద్దుతది, సారూ."

అతని ముఖం మారిపోయింది. "ఇంక ముట్టనియ్యకు. ఆ రక్తపు గడ్డ కదిలి ఊపిరితిత్తులల్లకు పోతే ప్రాణం మీదికొస్తది. రేపు పొద్దుగాల బట్టలు తెచ్చుకొని వచ్చి చేరు. సూదులియ్యాలె."

ఇంటికొచ్చి మిషను ముందు కూర్చున్నాను. క్యాన్సర్‌కు భయపడాలి కదా. సిగ్గులేని మనసు, రుక్మాబాయి ఇక రాదేమోనని భయపడింది.

ఎప్పటిలాగే ఆమె గిన్నెతో వచ్చి కూర్చుంది.

"డాక్టర్ ఈ కాలు రుద్దొద్దన్నడు," అన్నాను. క్యాన్సర్ మాట మింగేశాను. అంటుకుంటుందని జనం గల్లీలే మార్చుకునే రోజులవి.

"అట్లనా? మరి నేనేం చెయ్యాలె, పోతా నీలమ్మా," అంటూ గిన్నె పట్టుకుని లేచింది.

"ఆగు. గీ కాలు గూడ గుంజుతున్నది," అని కుడికాలు చాపాను.

ఆమె పరీక్షగా చూసింది. "దీనికి వాపు లేదు గద?"

"లోపల నొస్తున్నది."

మళ్లీ కూర్చుంది. అరచేతిలో నూనె వేసుకుని మోకాలి నుంచి మడమ దాకా రుద్దింది. ఆ కాలికి ఏ రోగమూ లేదు. అయినా నాకు ఏడుపు ఆగలేదు.

"గంతగనం నొస్తున్నదా?"

"ఆ. జర మెల్లగ."

"ఫికర్ చెయ్యకు. రేపు పొద్దుగాల్నే వచ్చి మల్ల రుద్దుత."

పొద్దున్నే నేను ఆసుపత్రిలో చేరాలి.

"తప్పకుండ రా," అన్నాను.