బ్రేకు పోయిన చక్రాల కుర్చీ

నేను ఒక చక్రాల కుర్చీని. ఫ్యాక్టరీలో నన్ను బిగించిన మనిషి రెండు బ్రేకులూ నొక్కి చూసి, వీపు తట్టి పంపాడు. కొన్నాళ్లు ఒక పెద్దాసుపత్రిలో తిరిగాను. అక్కడ కొత్త కుర్చీలు రాగానే ఈ చిన్న ఊరి నర్సింగ్ హోముకు చేరాను. ఇక్కడున్నవి కాసిని మంచాలు, ఒక డాక్టరు, ఆయన కోపం.

డాక్టర్ భానుమూర్తి గారి హస్తవాసి మంచిదే. కానీ ఏ వస్తువు పాడైనా ఆయన ముందుగా అడిగేది, ఎవరు పాడుచేశారని. బీపీ మిషను పనిచేయడం లేదని చెప్పిన పాపానికి నర్సు సలోమి రోగులందరి ముందూ తిట్లు తింది. ఆ తర్వాత ఆ ఆసుపత్రిలో ఏ వస్తువూ పాడవలేదు. అంటే, పాడైందని చెప్పినవాళ్లు లేరు.

నా బ్రేకులు రెండూ పోయాయి. ఆ సంగతి డాక్టరు గారికి తప్ప అందరికీ తెలుసు. వార్డుబాయ్ వీర్రాజు ఒక ఇటుక తెచ్చి నా చక్రానికి అడ్డం పెట్టాడు. అందరూ ముద్దుగా దాన్నే బ్రేకు అనేవారు.

ఒక ఉదయం, మోకాలి ఆపరేషను చేయించుకున్న సత్యవతమ్మ గారిని ఇంటికి పంపుతున్నారు. ఆవిడను నాలో కూర్చోబెట్టి, ర్యాంపు పైన నన్ను నిలిపి, ఇటుక పెట్టి వీర్రాజు ఆటో కోసం వెళ్లాడు. అంతలో అటుగా వచ్చిన డాక్టరు గారి కళ్లు ఇటుక మీద పడ్డాయి. గాలికి కొట్టుకుంటున్న తన గది తలుపుకు అది సరిగ్గా సరిపోతుందనిపించింది కాబోలు, తీసుకుపోయారు. నన్నెవరడుగుతారు?

నేను మెల్లగా కదిలాను, తర్వాత జోరందుకున్నాను. ర్యాంపు చివర రోడ్డు, రోడ్డు మీద లారీలు. సత్యవతమ్మ గారు నా రెండు చేతులూ గట్టిగా పట్టుకున్నారు. మందులు తెస్తున్న సలోమి అన్నీ వదిలేసి నాకు అడ్డం పడింది. నేను ఆగాను. ఆమె మణికట్టు విరిగింది.

పరుగున వచ్చిన డాక్టరు గారు అలవాటు ప్రకారం ఎవరు చేశారని అడిగారు. అందరూ నేల చూపులు చూశారు.

"బ్రేకులు లేవని నాకు తెలుసు సార్," అంది సలోమి, విరిగిన చెయ్యి పట్టుకుని. "చెబితే తిడతారని చెప్పలేదు. ఇటుక పెట్టుకుని నెట్టుకొస్తున్నాం."

మరి ఆ ఇటుకేదని సత్యవతమ్మ గారు అడిగారు.

"సారు గది తలుపు దగ్గరుందండి," అన్నాడు ఆటోతో తిరిగొచ్చిన వీర్రాజు, అటు చూస్తూ.

డాక్టరు గారు వెనక్కి తిరిగి చూశారు. సలోమి చేతికి తానే పిండికట్టు వేస్తూ, గొంతు తగ్గించి అడిగారు.

"ఇంకా ఏమేం పాడయ్యాయమ్మా?"

కట్టు ఆరిపోయింది గానీ, ఆమె చెప్పడం పూర్తికాలేదు.

నాకు కొత్త బ్రేకులు వేయించారు. వీర్రాజు నన్ను మళ్లీ ర్యాంపు ఎక్కించి బ్రేకులు రెండూ నొక్కాడు. ఆసుపత్రి మొత్తం చుట్టూ చేరింది.

"మీరు కూర్చోండి సార్, పరీక్ష చేయాలి," అంది సలోమి ఎంతో వినయంగా.

ఆయన అందరి ముఖాలూ చూసి, కాదనలేక కూర్చున్నారు. వీర్రాజు చేతులు వదిలేశాడు. నేను అంగుళం కూడా కదల్లేదు. డాక్టరు గారు కళ్లు తెరవడానికి మాత్రం కొంచెం సేపు పట్టింది.