పారాణి మరక

కుంకుడు రసంలో ముంచిన దూదితో మాణిక్యం ఆకుపచ్చ డాన్సు డ్రెస్సు అంచు మీద మెల్లగా అద్దుతోంది. గట్టిగా రుద్దితే జరీ లేచిపోతుంది, ఊరుకుంటే పారాణి ఎరుపు పట్టులోకి దిగిపోతుంది. పదిహేడేళ్లుగా కృష్ణలంక ఇంటి పెరట్లో ఇదే పని. ఎండలో వేస్తే రంగు వెలుస్తుందని భయం, నీడలో వేస్తే ఆరదని భయం, ఏ కాకో రెట్ట వేస్తుందని ఇంకో భయం. గవర్నర్‌పేటలో డాన్సు డ్రెస్సులు అద్దెకిచ్చే కొట్టు భర్త వెంకటప్పయ్యది. ఈ చాకిరీ ఎవరిదని మాత్రం ఎవరూ అనుకోలేదు. "ఇంట్లో ఖాళీయేగా" అన్నాడాయన కొట్టు పెట్టిన కొత్తలో. "రెండు గుడ్డలు జాడించడానికి కూడా ఒళ్లు వంగదా?" అంది అత్తగారు. ఆ రెండూ స్కూలు వార్షికోత్సవాల రోజుల్లో నలభై అవుతాయి.

ఈ మధ్య ఆమె భయాలన్నీ కూతురి మీదికి మళ్లాయి. శ్రీదుర్గ డిగ్రీ రెండో ఏడు, సాయంత్రాలు కొట్లో కూర్చుంటుంది. పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, బందరు రోడ్డు మీద ఏ లారీయో గుద్దేసిందనుకుని కాయిన్ బాక్సు ఫోను దగ్గరికి పరుగెడుతుంది మాణిక్యం. అంతకన్నా భయం ఆ పిల్ల నోరు తెరిస్తే. కిందటి వారం కొట్టు రసీదు తిరగేసి, వెనక చీమల్లా ఉన్న ఇంగ్లీషు అక్షరాలు చదివి తల్లికి చెప్పింది. "పారాణి మరక పడితే డిపాజిట్ వాపసు ఇవ్వరట. పారాణి లేకుండా కూచిపూడి ఎవరాడతారమ్మా?"

ఏడో తరగతితో ఆగిన మాణిక్యానికి ఆ అక్షరాలు రావు. మాట మాత్రం అర్థమైంది. మరక పోదని చెప్పి ఆయన ఆపేసుకున్న డబ్బంతా, తన వేళ్లు పోగొట్టిన మరకలది. ఆ రోజు నుంచి శ్రీదుర్గ, సంతకానికి ముందు ఆ వెనకవైపును ప్రతివాళ్లకీ తెలుగులో చెబుతోంది. విన్నవాళ్లలో సగం మంది పక్క కొట్టుకి పోతున్నారు. ఇంత ధైర్యం ఎక్కణ్ణించి వచ్చింది దీనికి? తన పోలిక కాదు. టికెట్ల క్యూలో ఎవరైనా ముందు దూరితే తను పక్కకి జరిగే మనిషి. వాళ్ల నాన్న చెయ్యి చేసుకుంటాడేమో, కొట్టు మూతపడుతుందేమో, ఈ నోరు చూసి సంబంధాలు రావేమో. ఇన్ని ఏమోల మధ్యలోనూ, పిల్ల తలెత్తి మాట్లాడే తీరు గుర్తొస్తే గుండె నిండిపోతోంది.

సాయంత్రం డ్రెస్సుల మూటతో కొట్టు మెట్లెక్కేసరికి లోపల గొడవ. చేపల మార్కెట్లో గంప పెట్టుకునే పోలేరమ్మ, తన పిల్లకి తీసుకెళ్లిన ఆకుపచ్చ డ్రెస్సు నిన్న తిరిగిచ్చి, ఇవాళ డిపాజిట్ కోసం వచ్చింది. శ్రీదుర్గ కాలేజీలో ఉన్నప్పుడు ఆమెకు రసీదు రాసింది వెంకటప్పయ్యే.

"ఏలిముద్ర ఏయించుకునేటప్పుడే చెప్పాల గదయ్యా! మా పిల్ల కాలు కింద పెట్టకుండా గాల్లో ఆడాలా?"

"కాయితం మీద ఉందమ్మా. కోర్టుకెళ్లినా ఇదే మాట. ఆ మరక పోదు, డ్రెస్సు ఇక పనికిరాదు."

"కోర్టు ఒప్పుకుంటుందేమో నాన్నా. చదువు రాని మనిషికి చెప్పకుండా ముద్ర వేయించుకోవడం నాకు మాత్రం తప్పనిపిస్తోంది" అంది శ్రీదుర్గ.

"అయితే రేపట్నుంచి కొట్టుకి రామాకు. మీ అమ్మలాగా ఇంట్లో పడుండు."

పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తల మాత్రం దించలేదు. మాణిక్యం ముందుకొచ్చింది. మూట విప్పి, ఆకుపచ్చ డ్రెస్సు తీసి, అంచు బల్ల మీద పరిచింది.

"మరక పోయిందమ్మా. పొద్దున నేనే పోగొట్టా."

పోలేరమ్మ అంచు తడిమి చూసి నవ్వేసింది. "ఓసి నీ చేతులు సల్లగుండ! కొత్తదానిలాగుందే!"

"నిన్నెవరడిగారు?" పళ్లు కొరుకుతూ అన్నాడు వెంకటప్పయ్య. నిజమే, పదిహేడేళ్లలో ఎవరూ అడగలేదు. వీధిలో జనం ఆగి చూస్తున్నారు. ఆయన డ్రాయరు లాగి, డిపాజిట్ పోలేరమ్మ చేతిలో పెట్టి, కూతురి వైపు తిరిగాడు. "నువ్వు నడు ఇంటికి."

రాత్రికి ఏం జరుగుతుందో, తనను కంకిపాడు పుట్టింటికి పంపేస్తాడేమో. అన్నీ అనుకుంది మాణిక్యం. అనుకుంటూనే కూతురి పక్కకి వచ్చి నిలబడింది.

"అమ్మాయి రేపూ వస్తుందండీ. చదివి వినిపించాకే సంతకం పెట్టిస్తుంది. వద్దంటారా, ఈ బట్టలు ఇక ఇంటికి పంపకండి."