డాక్టరమ్మ బుగ్గలు

ఆమె చర్మవ్యాధుల డాక్టరు. ఆమె బుగ్గల నిండా మొటిమలే. "తన మొహమే బాగుచేసుకోలేనిది మనకేం చేస్తుంది?" అని వరండాలో రోగులు అనుకునే మాటలు ఆమె చెవిన పడుతూనే ఉండేవి. విని తన పని చూసుకునేది.

ఒక ఉదయం ఆసుపత్రి యజమాని ఆమె ఫోటోను పెద్దది చేయించి వరండా గోడకు తగిలించాడు. అందులో బుగ్గలు అద్దంలా నున్నగా మెరుస్తున్నాయి.

"ఇదెవరండీ?" అంది డాక్టరమ్మ.

"మీరేనమ్మా. కంప్యూటర్లో కాస్త సరిచేయించాను. రేపట్నుంచి మాస్కు కూడా పెట్టుకోండి."

డాక్టరమ్మ స్టూలు లాక్కుని, ఎక్కి, ఫోటో దించేసింది. బెంచీల మీదివాళ్లంతా నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు.

"మగ హార్మోను ఆడవాళ్లకీ కొంచెం ఉంటుందండీ. నా రక్తంలో ఉండాల్సినంతే ఉంది. కానీ చర్మం దాన్ని తనలోనే ఇంకా ఘాటుగా మార్చుకుంటుంది. నా నూనె గ్రంథులు దానికి ఇట్టే రెచ్చిపోతాయి. మందు వాడితే మొటిమలు తగ్గుతాయి, మళ్లీ వస్తాయి. దాచుకోడానికి నేనేం దొంగతనం చేశాను?"

"రోగులు రారమ్మా," అని నసిగాడు యజమాని.

"రాకపోతే నన్ను తీసెయ్యండి. నా మొహాన్ని మాత్రం తీసెయ్యనివ్వను."

ఒకావిడ పెదవి విరిచి, "పదవే, ఇంకో డాక్టరు దగ్గరికి పోదాం," అంటూ కూతురి చెయ్యి పట్టుకుంది. మొటిమల మీద చున్నీ కప్పుకున్న ఆ పిల్ల మాత్రం చెయ్యి విడిపించుకుంది.

"నువ్వెళ్లమ్మా. నేను ఈవిడకే చూపించుకుంటాను," అంటూ చున్నీ తీసి, డాక్టరమ్మ వెనకే గదిలోకి నడిచింది.