కారం వేయకముందే

పెద్దకడుబూరు దగ్గర ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో కృప నర్సు. ఆ రోజు బరువు చూస్తే, షుగరుకు మందులు వాడే ముసలామె ఉరుకుందమ్మ మళ్ళీ తగ్గింది. షుగరు అదుపులోనే ఉంది, మనిషే కరిగిపోతోంది.

"అవ్వా, పప్పు, గుడ్డు తినమంటిని గదా. తింటాండావా?"

"అన్నీ తింటాండానమ్మా," అంది ముసలామె చూపు తిప్పుకుని.

కృపకు నమ్మకం కుదరలేదు. మధ్యాహ్నం భోజనం వేళకు నేరుగా వాళ్ళింటికే వెళ్ళింది. కోడలు రేణుక పత్తి తీసే కూలికి పోయింది. ఉరుకుందమ్మ గడప దగ్గర కూర్చుని, జొన్నరొట్టె ముక్కను టీలో నానబెట్టుకుని చప్పరిస్తోంది. పక్కనే గిన్నెలో పప్పు అలాగే ఉంది.

"ఇది ఏంటికి తినలేదు?"

ఉరుకుందమ్మ గిన్నెను పక్కకు జరిపింది. కృప అక్కడే చతికిలబడింది. "నువ్వు సెప్పేదాకా ఈడ్నుంచి కదల్ను."

ఇక తప్పక ఉరుకుందమ్మ నోరు తెరిచి చూపించింది. ఒక్క పన్ను లేదు. చిగుళ్ళ నిండా పుండ్లు.

"కారం తగిల్తే పానం పోతాదమ్మా. పాపం, కోడలు సీకట్లో లేసి సేసి పెట్టి పోతాది. తినలేనని ఏ మొగం పెట్టుకోని సెప్పేది? బర్రెకు ఏస్తాండా."

సాయంత్రం కృప మళ్ళీ వచ్చింది. సంగతి వినగానే రేణుక మండిపడింది.

"నేను తిండి పెట్టలేదని ఊరంతా అనుకోవల్లనా అత్తా? ఒక్క మాట సెప్తే ఏమయ్యేది?" అంటూనే కళ్ళు తుడుచుకుంది.

"నీ తప్పేం లేదు రేణుకా. ఏం తినాల్నో సెప్పినా గానీ, నేనూ అవ్వ నోరు సూడలేదు," అంది కృప. "పుండ్లకు డాక్టరుతో మందు ఇప్పిస్తా. పప్పు ఉడికినాక, కారం ఏయకముందే అవ్వకు తీసి పెట్టు. ఉడికిన గుడ్డు దాంట్లోనే మెత్తగా మెదుపు. రా, ఇప్పుడే సేద్దాం."

ఇద్దరూ పొయ్యి దగ్గర కూర్చున్నారు. మొదటి ముద్దకు ఉరుకుందమ్మ మొహం చిట్లించింది. "సప్పగుండాది."

"ఉండనీ. తిను."

తిన్నది. ఆ తర్వాత వారాల్లో పుండ్లు మానాయి, బరువు కొంచెం కొంచెంగా పెరిగింది. ఒకరోజు ఉరుకుందమ్మ తనంతట తానే నడిచి కేంద్రానికి వచ్చింది.

"రేపు కోడలు నన్ను ఆదోనికి పిల్సుకోని పోతాది. పళ్ళు కట్టించుకుంటా," అంది. "ఎన్నాళ్ళని ఈ సప్పిడి పప్పు తినేదమ్మా?"