రెండు పట్టీలు ఎక్కువ

జర దగ్గరికి జరిగి కూర్చోండి పిల్లలూ. రేష్మా, ఆ మూలకెందుకు? చాప మీద జాగా ఉంది, రా.

బామ్నిలో పాండు రోజూ పొద్దున్నే తన పాత అంబాసిడర్ కారు తుడిచి, సిరొంచ కిరాయిల కోసం స్టాండులో పెట్టేవాడు. ముసలివాళ్లో, నిండు చూలాలో ఎక్కబోతే ఆ కారు కమలాపూర్ క్యాంపులోని ఏనుగులా వెనక భాగం దించి కూర్చునేది. వాళ్లు ఎక్కాక లేచేది. ఊళ్లో అది మామూలే. ఎవరూ ఆగి చూసేవారు కాదు.

కానీ కొత్త జీపు కొన్న నాగేష్ ఒకనాడు అందరి ముందూ అన్నాడు.

"ఏందిరా పాండు, నీ కారు అందరి కాళ్లు మొక్కుతుందా? నువ్వు గూడ మొక్కుతవా?"

స్టాండంతా నవ్వింది. పాండుకు తల కొట్టేసినట్లయింది. ఇంటికొచ్చి, కారు వెనక జాకీ పెట్టి లేపి, బరువు మోసే కమాన్ పట్టీలు విప్పాడు. తుప్పు గీకాడు. విరిగిన పట్టీ మార్చాడు. అరిగిన బుష్షులు తీసి కొత్తవి వేశాడు. అంతవరకూ మంచి పనే. ఆపైన పాత జీపు పట్టీలు రెండు అదనంగా పెట్టి బోల్టులు బిగించాడు.

"గవెందుకు?" అంది భార్య ప్రణాలి.

"ఇగ వంగది."

"వంగేది కారు. నీకేం నొప్పి?"

పాండు జాకీ దించాడు.

మర్నాడు గంగక్క స్టాండుకు వచ్చింది. కళ్లకు పొరలు కమ్మి ఏళ్లయింది, మనుషుల్ని గొంతుతోనే గుర్తుపడుతుంది. ఆరోజు సిరొంచలో ఆమెకు ఆపరేషన్. కళ్ల డాక్టరు మధ్యాహ్నానికి వెళ్లిపోతే మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదు.

ఆమె తలుపు పట్టుకుని నిలబడింది. కారు వణికింది. పట్టీలు కిర్రుమన్నాయి. వంగబోయి వంగలేకపోయింది.

"నన్ను మరిచినవా?" గంగక్క దాని డిక్కీ నిమిరింది. "పోనీ బిడ్డా, నడిచే పోత."

పాండు గబగబా దగ్గరికొచ్చాడు. కారు మోకాళ్లు కట్టేసింది తనే. ఆమె కాళ్ల ముందు బురదలో కూలబడి, రెండు అరచేతులూ మెట్టులా కలిపి పెట్టాడు.

"కాలు పెట్టవ్వా."

నాగేష్ నవ్వాడో లేదో పాండు చూడలేదు. ఆమె పాదం చేతుల్లో పడగానే అదనపు పట్టీలు రెండూ టప్పున విరిగి రాలాయి. కారు మెల్లగా కూర్చుంది. డాక్టరు ఇంకా వెళ్లకముందే ఆసుపత్రికి చేరారు.

కళ్ల కట్టు విప్పిన రోజు గంగక్క ఆసుపత్రి మెట్ల మీద నిలబడి వెతుక్కుంది.

"పాండు ఏడి?"

"ఈడనే ఉన్ననవ్వా."

"గింత చిన్న పోరనివా నువ్వు! మొహం దాచుకుంటవేంది, చూడనీ."

తను బిగించిన పట్టీలు గుర్తొచ్చి పాండు తల ఎత్తలేకపోయాడు. ఆమె వాడి గడ్డం పట్టి ఎత్తింది. కళ్లు మాత్రం ఎత్తలేదు వాడు.

ఇగ లేవండి. మీ అమ్మలు పిలుస్తున్నారు, అన్నం చల్లారకముందే పోయి తినండి.